ఆదవాని దుర్గాధిపతి సిద్ది మసూద్ ఖాన్: ఒక హబ్షీ సేనాని చరిత్ర

హైదరాబాదు నగరములో మాసాబ్ ట్యాంకునకు సమీపమున ఏ.సీ. గార్డ్స్ అను పేట యొకటి కలదు. పరీక్షల నిమిత్తమో, ఉద్యోగ ప్రయత్నముల నిమిత్తమో రాజధానికి పోవు మన విద్యార్థులలో పలువురు ఆ పేట మీదుగా పోవుచునే యుందురు. కాని ఆ పొడి అక్షరములకు అర్థమేమని విచారించువారు తక్కువ. అవి ‘ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్’ అను మాటలకు సంక్షిప్త రూపము. నిజాము ప్రభువుల అంగరక్షక అశ్వదళములో ఆఫ్రికా జాతీయులు పనిచేసిరి. వారు నివసించిన పేటకు ఆ దళము పేరే స్థిరపడెను.

అయితే ఆఫ్రికా నుండి వచ్చినవారు మన దేశమున ద్వారపాలకులుగను, అంగరక్షకులుగను మాత్రమే బ్రతికిరని తలచుట సరికాదు. ఆ దళము ఏర్పడుటకు దాదాపు రెండు వందల ఏండ్ల పూర్వమే తెలుగు నేలపై కోటలను ఏలినవారు, సేనలను నడిపినవారు, ఒక సుల్తాను రాజ్యమునకే ప్రతినిధిగా నిలిచినవారు వారిలో ఉండిరి. అట్టివారిలో ప్రముఖుడు రాయలసీమలోని ఆదవాని, అనగా నేటి ఆదోని, దుర్గమును పాలించిన సిద్ది మసూద్ ఖాన్. అతని జీవితమును పరిశీలించినచో రెండు ప్రశ్నలు మన ముందు నిలుచును. కులగోత్రముల బలము లేక, కేవలము పనితనముతో ఎదిగిన వానికి ఒక రాజ్యము ఎంతవరకు చోటిచ్చును? ఆ రాజ్యమే కూలిపోవు వేళ అట్టివాని కర్తవ్యమేమి? ఈ వ్యాసము ఆ రెండు ప్రశ్నలను దృష్టియందుంచుకొని వ్రాయబడినది.

హబ్షీలు, సిద్దీలు

అబిసీనియా దేశమును, అనగా నేటి ఇథియోపియాను, అరబ్బులు ‘హబష్’ అని పిలిచిరి. ఆ దేశీయుడు హబ్షీ. కాలక్రమమున తూర్పు ఆఫ్రికా నుండి వచ్చిన వారందరికిని మన దేశమున ఆ పేరు వర్తించెను. ‘సిద్ది’ అను మాట అరబ్బీలో ప్రభువు, అయ్య అను అర్థములు గల ‘సయ్యద్’ శబ్దమునకు సంబంధించినదని పెక్కుమంది పండితుల అభిప్రాయము. దాసులుగా వచ్చినవారి సంతతికి ప్రభు వాచకము బిరుదగుట చరిత్రలోని ఒక విచిత్రము.

వీరిలో నావికులుగను, వర్తకులుగను, కూలి సైనికులుగను స్వేచ్ఛగా వచ్చినవారు కొందరు. బాల్యముననే బంధింపబడి, ఎర్రసముద్రపు రేవులలో అమ్ముడుపోయి, చేతులు మారుచు దక్కను చేరినవారు అనేకులు. మన ఆర్మూరు ప్రాంతమున పసుపు పండించు ఇండ్లలో పెరిగిన విద్యార్థులకు తూకము, బేరము, దళారి, పాట అను మాటలు చిన్ననాటి నుండియు పరిచితములే. కొమ్ము రంగును, గట్టితనమును చూచి సరుకునకు ధర కట్టుట మనమెరుగుదుము. అచ్చట పండ్లను, కండలను చూచి మనుష్యునకే ధర కట్టిరి. ఈ మాట మనస్సున నిలుపుకొన్న పిదపనే మనము ముందు చెప్పబోవు సేనానుల ఎదుగుదలను సరిగా అంచనా వేయగలుగుదుము.

దక్కను సుల్తానులు ఈ బాలురను కొనుటకు కారణములు కలవు. అహమ్మదునగరము, బీజాపూరు, గోలకొండ, బీదరు దర్బారులలో రెండు పక్షములుండెను. పారశీకము మొదలగు దేశముల నుండి వచ్చిన ‘ఆఫాకీ’లు ఒక పక్షము, ఈ నేలనే స్థిరపడిన ‘దక్కనీ’లు మరియొక పక్షము. ఉభయ పక్షముల ప్రభువులకును సొంత బంధువర్గము, సొంత ఆశలు ఉండెను. కొనబడిన హబ్షీ బాలునకు ఈ దేశమున తల్లి లేదు, తండ్రి లేడు, అన్నదమ్ములు లేరు. యజమానియే అతనికి ఇల్లు. కనుక అతనికి గుఱ్ఱపు స్వారి, కత్తిసాము, విలువిద్య నేర్పి, చదువు చెప్పించి, నమ్మదగిన సైనికునిగా తీర్చిదిద్దిరి. యజమాని మరణానంతరము పలువురు స్వేచ్ఛ పొందుచుండిరి. స్వేచ్ఛ పొందినవాడు తానును మరికొందరు హబ్షీలను చేరదీసి సొంత దళమును కూర్చుకొనుట పరిపాటి. ఇట్లు తరము వెంట తరము సేనానులు తయారైరి. బీజాపూరున 1582 నుండి కొన్ని సంవత్సరములు బాల సుల్తాను పక్షమున అధికారము నెరపిన దిలావర్ ఖాన్ హబ్షీయే.

మార్గదర్శి మాలిక్ అంబరు

మసూద్ ఖాన్ కథకు పూర్వరంగముగా మాలిక్ అంబరును స్మరింపక తప్పదు. ఇతడు సుమారు 1548 ప్రాంతమున ఇథియోపియాలో జన్మించెను. బాల్యమున అమ్ముడుపోయి, బాగ్దాదు మీదుగా దక్కను చేరెను. అహమ్మదునగరపు పేష్వా, తానును హబ్షీయైన చంగీజ్ ఖాన్ అతనిని కొని పెంచెను. యజమాని మరణము తరువాత స్వేచ్ఛ పొంది, కొద్దిపాటి అశ్వికులతో స్వతంత్ర జీవనము ఆరంభించెను. 1600లో అక్బరు సేనలు అహమ్మదునగరపు కోటను పట్టుకొనగా, రాజ్యము అంతరించెనని అందరును తలచిరి. అంబరు మాత్రము నిజాంషాహీ వంశీయుని ఒకనిని పరేండా కోటలో సింహాసనమున నిలిపి, తాను ప్రతినిధియై పోరు సాగించెను.

ఆ పోరు మన జిల్లా పరిసరములను కూడ తాకెను. అక్బరు కాలపు లెక్కలలో నాందేడు వైపు గోదావరీ సీమకు ‘తెలంగాణ’ సర్కారు అను పేరు కలదు. మన నిజామాబాదు జిల్లాకు ఎగువన అదే గోదావరి యొడ్డున నున్న నాందేడు దగ్గర 1602లో అంబరు మొగలు సేనాని ఖాన్ ఖానాన్ కుమారుడైన ఇరజ్ చేతిలో ఓడి, తీవ్రముగా గాయపడెను. అనుచరులు అతనిని యుద్ధభూమి నుండి మోసికొనిపోయి కాపాడిరి. అంతటితో అతని పని ముగియలేదు. శత్రువుతో ఎదురుగా నిలిచి పోరాడుట కంటె, తేలికపాటి అశ్వదళములతో అతని ధాన్యమును, దారులను కొట్టుట మేలని గ్రహించి, మరాఠా అశ్వికులను చేర్చుకొని ఆ పద్ధతిని అభివృద్ధి పరచెను. 1610లో అహమ్మదునగరమును తిరిగి గెలిచెను. ఖిడ్కీ నగరమును నిర్మించి, భూగర్భ కాలువల ద్వారా నీటిని తెప్పించెను. ఆ ఖిడ్కీయే తరువాత ఔరంగాబాదై, 2023లో ఛత్రపతి శంభాజీనగర్ అను పేరు పొందెను. 1624లో భాత్వడి యుద్ధమున మొగలు, బీజాపూరు సేనలు రెండును కలిసి వచ్చినను వారిని ఓడించెను. 1626లో మరణించి ఖుల్దాబాదున సమాధి చేయబడెను. జహంగీరు చక్రవర్తి తన దినచర్యలో ఇతనిని పేరెత్తి నిందింపక వదలలేదు. అయినను ఆ దర్బారు చరిత్రకారుడైన ముతమద్ ఖాన్, యుద్ధమునను పరిపాలనయందును ఇతనికి సాటి లేడని ఒప్పుకొనెను. శత్రువు పొగడ్త కంటె పెద్ద ప్రమాణపత్రము సైనికునకు మరి యేది?

అంబరు సింహాసనమును నిలిపెను. దానిపై తాను కూర్చొనలేదు. ఈ హద్దు హబ్షీ సేనానుల చరిత్ర అంతటను కనిపించును.

కర్నూలు నుండి ఆదవానికి

1565లో విజయనగర సైన్యము రాక్షసి తంగడి యుద్ధమున ఓడిన తరువాత తుంగభద్రకు దక్షిణమున నున్న కోటలు క్రమముగా బీజాపూరు ఆదిల్‌షాహీల వశమయ్యెను. ఆదవాని 1568లో వారి చేత చిక్కెను. కర్నూలు కూడ తరువాతి కాలమున వారి పాలనలోనికి వచ్చెను. హంద్రీ నది యొడ్డున నేటికిని నిలిచియున్న గోల్ గుమ్మజ్ అను రెండు గుమ్మటముల సమాధి, బీజాపూరు పక్షమున కర్నూలును పాలించిన అబ్దుల్ వహాబ్ ఖాన్ పేర ప్రసిద్ధము.

పదునేడవ శతాబ్ది మధ్యమున కర్నూలు సిద్ది జౌహరు అను హబ్షీ సేనాని చేతిలో నుండెను. 1660లో శివాజీని అణచుటకు రెండవ అలీ ఆదిల్‌షా ఇతనికి సలాబత్ ఖాన్ అను బిరుదమిచ్చి పెద్ద సేనతో పంపెను. జౌహరు పన్హాళా కోటను నెలల తరబడి ముట్టడించి శివాజీని దిగ్బంధించెను. జూలై మాసమున ఒక వర్షపు రాత్రి శివాజీ కోట దాటిపోయెను. వెంబడించిన దళమునకు నాయకుడు జౌహరు అల్లుడైన సిద్ది మసూద్ అని మరాఠా కథనములు చెప్పుచున్నవి. ఇరుకైన కనుమ దారిలో బాజీప్రభు ప్రాణములొడ్డి ఆ దళమును నిలిపిన వృత్తాంతము మహారాష్ట్రమున బాలురకు సైతము తెలిసినదే. శివాజీ తప్పిపోవుటతో సుల్తానునకు జౌహరుపై అనుమానము కలిగెను. అనుమానము వైరముగా మారెను; కొద్ది కాలమునకే జౌహరు మరణించెను. నమ్మకము కొరకే పెంచబడిన సేనానిపై మొదట పడునది అపనమ్మకమే యగుట ఇచ్చట గమనింపదగినది.

మామ గతిని కన్నులార చూచిన మసూద్ ఖాన్ రాజధాని కుట్రలకు దూరముగా నుండుట మేలని తలచెను కాబోలు. కర్నూలు, ఆదవాని సీమలను తన అధీనమున నుంచుకొని, ఆదవాని కోటను బలపరచి, పాలన సాగించెను. ఈ కాలముననే ఆదవానిలో అతడు జామియా మసీదును నిర్మింపజేసెను. నల్లని రాతితో, సున్నితమైన చెక్కడపు పనితో వెలసిన ఆ మసీదు దక్కను కట్టడములలో ఎన్నదగినది. మసూద్ ఖాన్ చిత్రకళను, గ్రంథములను కూడ ఆదరించెను.

బాల సుల్తాను రక్షకుడు

1672 నవంబరులో రెండవ అలీ ఆదిల్‌షా మరణించెను. వారసుడైన సికందరునకు నాలుగేండ్ల ప్రాయము. రాజ్యభారము మొదట హబ్షీ ప్రభువైన ఖవాస్ ఖానునకు చెందెను. 1675లో ఆఫ్గను నాయకుడు బహలోల్ ఖాన్ అతనిని బంధించి అధికారము చేజిక్కించుకొనెను. మరుసటి సంవత్సరము ఖవాస్ ఖాన్ వధింపబడెను. 1677 డిసెంబరులో బహలోల్ ఖాన్ కూడ మరణించెను. ఇట్టి స్థితిలో 1678 ఆరంభమున సిద్ది మసూద్ ఖాన్ ఆదవాని నుండి బీజాపూరునకు వచ్చి రాజప్రతినిధి పదవిని స్వీకరించెను.

అది పూలపాన్పు కాదు. బొక్కసము శూన్యము. జీతములు అందని ఆఫ్గను సైనికులు వీధులలో పడి దోచుకొనుచుండిరి. ఉత్తరమున మొగలులు, పశ్చిమమున మరాఠాలు రాజ్యమును చెరియొక ప్రక్క నుండి కొరుకుచుండిరి. పదవికి వచ్చుటకు ముందే మసూద్ ఖాన్ మొగలు సేనాని దిలేర్ ఖానుతో ఒప్పందము చేసికొనవలసి వచ్చెను. ఔరంగజేబు ఆజ్ఞలను మన్నించుట, శివాజీతో చెలిమి మానుట, సుల్తాను సోదరి షహర్‌బానును మొగలు రాకుమారుడైన ఆజమునకు ఇచ్చి వివాహము చేయుట అందలి ముఖ్యాంశములు. బీజాపూరు ప్రజలు ‘పాదుషా బీబీ’ అని ముద్దుగా పిలుచుకొను ఆ రాకుమార్తె 1679 జూలైలో నగరము విడిచి మొగలు శిబిరమునకు తరలిపోయెను. రాజ్యమునకు శాంతి లభించునను ఆశతోనే ఆమె పంపబడెను. శాంతి లభింపలేదు. ఆమె పోయిన పిదపనే దిలేర్ ఖాన్ బీజాపూరుపై దండెత్తెను.

అప్పుడు మసూద్ ఖాన్ చేసిన పని అతని వివేకమునకు తార్కాణము. పందొమ్మిదేండ్ల క్రిందట తన మామ ఎవనిని కోటలో బంధించెనో, ఎవనిని తాను కనుమలలో వెంబడించెనని చెప్పుకొందురో, ఆ శివాజీకే సహాయము కోరుచు వర్తమానమంపెను. శివాజీయు పాత వైరమును లెక్కింపక అశ్వదళమును, ఆహార సామగ్రిని పంపి, మొగలు సీమలపై దాడులు సాగించెను. దిలేర్ ఖాన్ ముట్టడి విఫలమయ్యెను. మతము, జాతి, గత వైరము అను మూడింటిని దాటి రాజ్యరక్షణ అను ఒక్క లక్ష్యము ఈ ఇరువురిని కలిపినదని విద్యార్థులు గుర్తింపవలెను. చరిత్రను కేవలము మత పోరాటముగా చదువువారికి ఈ సంఘటన సమాధానము చెప్పును.

ముట్టడి తొలగినను రోగము కుదరలేదు. ప్రభువులు పన్నులు పంపరు. సైనికులు జీతము లేక పనిచేయరు. ఒక పక్షమును తృప్తిపరచినచో మరియొక పక్షము తిరుగబడును. ఐదేండ్లకు పైగా ప్రయత్నించి, ఫలితము కానక, 1683 చివర మసూద్ ఖాన్ పదవి విడిచి ఆదవానికి తిరిగిపోయెను. ఈ నిష్క్రమణమును కొందరు పలాయనమందురు. బాల సుల్తానును ఆపదలో విడిచిపోయెనను నింద అతనిపై కలదు. ఆ నింద పూర్తిగా నిరాధారమని చెప్పజాలము. కాని మునుపటి ప్రతినిధుల వలె అతడు కత్తికి బలియగుటకు ముందే, రక్తపాతము లేకయే అధికారమును వదలుకొనెను. ఆ దర్బారులో అట్టివారు అరుదు.

ఆదవాని పతనము

బీజాపూరు 1686 సెప్టెంబరులోను, గోలకొండ మరుసటి సంవత్సరము సెప్టెంబరులోను ఔరంగజేబు వశమయ్యెను. సికందరు బందీయయ్యెను. ఏ సింహాసనమునకు మసూద్ ఖాన్ విధేయుడో ఆ సింహాసనమే లేదు. అయినను అతడు వెంటనే లొంగలేదు. చుట్టును మొగలు సముద్రము. నడుమ కొండలపై ఆదవాని కోట ద్వీపము వలె నిలిచెను.

ఔరంగజేబు ఆ కోటపైకి గాజీయుద్దీన్ ఖాన్ ఫిరోజ్ జంగును పంపెను. ఇతడు మనకు పరాయివాడు కాడు. హైదరాబాదు ఆసఫ్‌జాహీ వంశమునకు మూలపురుషుడైన నిజాముల్ ముల్కునకు కన్నతండ్రి. ఏ నిజాముల పేర మన ఇందూరు నిజామాబాదైనదో, ఆ వంశపు పెద్ద చేతిలోనే ఆదవాని హబ్షీ ప్రభువు ఓడెను. 1688 ఆగస్టులో కోట స్వాధీనమయ్యెను. దానికి ఇంతియాజ్‌గఢ్ అని క్రొత్త పేరు పెట్టిరి.

ఈ లొంగుబాటును గూర్చి ఆదవానిలో ఒక ఐతిహ్యము కలదు. కోటను బలముతో గెలుచుట కష్టమని గ్రహించిన మొగలు సేనాని, మసూద్ ఖానునకు ప్రాణప్రదమైన జామియా మసీదు వైపు ఫిరంగులను త్రిప్పించెననియు, తాను కట్టించిన మసీదు కూలుట చూడజాలక అతడు కోట తలుపులు తెరిపించెననియు పెద్దలు చెప్పుదురు. ఇది జనుల నోట నిలిచిన కథ. దీనిని ఆ విధముగానే గ్రహింపవలెను. కాని జనులు ఒక పాలకుని గూర్చి ఎట్టి కథను నిలుపుకొందురో దానిని బట్టి అతడు వారి మనస్సున ఎట్లు నిలిచెనో తెలియును. ఆదవాని ప్రజలు అతనిని పిరికివానిగా తలపలేదు. తాను నిర్మించినదానిని అధికారము కంటె ఎక్కువగా ప్రేమించినవానిగా తలచిరి.

కోట చేతులు మారిన తరువాత ఆదవానిలోని విలువైన చిత్రములు, గ్రంథములు కూడ చేతులు మారెను. మొగలు సేనలో పనిచేసిన బికనీరు మహారాజు అనూప్ సింగు తరువాత ఆదవానిలో అధికారిగా నుండి, 1698లో అచ్చటనే మరణించెను. బికనీరు రాజభవనమున భద్రపరచబడిన దక్కను చిత్రములలో పెక్కింటికి ఆదవానితో సంబంధము కలదని కళా చరిత్రకారులు చెప్పుదురు. హబ్షీ సేనాని తెలుగు సీమలో కూర్చిన కళాసంపద రాజపుత్రుల ఎడారిలో నిలిచియుండుట మన దేశ చరిత్ర ఎంత అల్లిబిల్లిగా అల్లుకొన్నదో తెలుపును.

అనంతర కాలము

మసూద్ ఖాన్ తరువాత తెలుగు దేశమున హబ్షీలు కోటలనేలిన కాలము ముగిసెను; వారి సైనిక సేవ మాత్రము ముగియలేదు. పందొమ్మిదవ శతాబ్దిలో వనపర్తి సంస్థానాధీశుడు రాజా రామేశ్వరరావు ఆఫ్రికా జాతీయులతో ఒక దళమును పోషించెను. అనంతరము ఆ సైనికులు నిజాము కొలువులో చేరిరి. 1948లో హైదరాబాదు రాజ్యము భారతదేశమున విలీనమైన తరువాత ఆ దళము రద్దయ్యెను. వారి సంతతివారు తెలుగు, ఉర్దూ మాటలాడుచు మన మధ్యనే జీవించుచున్నారు. తెలంగాణలో పెండ్లి ఊరేగింపులందు మ్రోగు మర్ఫా వాద్యమును నిలిపినవారిలో వీరును ఉన్నారు.

ఉపసంహారము

ఇక మొదట వేసికొన్న ప్రశ్నలకు వత్తము. దక్కను రాజ్యములు హబ్షీ సేనానికి సేనను ఇచ్చెను, కోటను ఇచ్చెను, రాజముద్రను సైతము ఇచ్చెను. నమ్మకమును మాత్రము అప్పుగానే ఇచ్చెను. ఏ క్షణమునైనను తిరిగి తీసికొనెను. జౌహరు చరిత్రయు, ఖవాస్ ఖాన్ చరిత్రయు దీనికి సాక్ష్యములు. నేటి ప్రజాస్వామ్యమున పదవి రాజు అనుగ్రహము కాదు. చట్టము ఇచ్చిన హక్కు. ఆ హక్కు విలువ తెలియవలెనన్నచో, అది లేని కాలమున ప్రతిభావంతులు ఎట్లు బ్రతికిరో తెలిసికొనవలెను.

రెండవ ప్రశ్నకు మసూద్ ఖాన్ జీవితమే ఒక జవాబు. రాజ్యమును నిలుపుటకు అతడు శత్రువుతో చేతులు కలిపెను. నిలుపజాలనని తెలిసినప్పుడు పదవిని వదలెను. చివరకు రాజ్యము లేకపోయినను ఒక ఊరు, ఒక కట్టడము, కొన్ని గ్రంథములు అతని బాధ్యతగా మిగిలెను; వాటిని కాపాడుటకు తన శక్తి కొలది ప్రయత్నించెను. బీజాపూరు రాజ్యము నేడు లేదు. ఆదవాని మసీదులో మాత్రము నేటికిని నమాజు జరుగుచున్నది.

విద్యార్థులు రాయలసీమ వైపు పోవునప్పుడు హంపీని చూచినట్లే ఆదవానిని కూడ చూడవలెనని కోరుచున్నాను. ఆ కోట కొండను, ఆ మసీదు రాతి పనిని చూచినప్పుడు, సముద్రమునకు ఆవల పుట్టిన జాతి వారొకరు ఈ నేలను తమదిగా చేసికొనిన విధము కన్నులకు కట్టును.